కుడివైపు జాలీ

జైసల్మేర్,
సెప్టెంబరు 4, 1994

అక్కకు హాసమ్ సలాములు.

ఇక్కడ అందరం బాగున్నాం. బావగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి. హజాని పిన్ని కరాచీ పెళ్ళికి బయలుదేరుతుంటే నీకోసం ఎండు సాంగ్రీ కాయల మూట ఒకటి ఆమె చేతికిచ్చాను. అందులో సగం ఆమె అక్కడికి రాకముందే వండుకు తినేస్తుందని నీ మరదలు జన్నత్ పందెం కాసింది. ఎంత చేరిందో నిజం రాయి, పందెం తేలాలి.

ఇక అసలు సంగతి. మన ఇంటి ముందుగోడ కడుపుతో ఉన్నదానిలా ఉబ్బింది. ఈ ఏడు వానలు కొట్టిన మాట నిజమే కానీ, తప్పు వానది కాదు. మన చిన్నప్పుడు అమ్మ మొహం కడిగిన నీళ్ళు కూడా పారబోయక మేకకు పట్టేది. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. విప్పడమే తప్ప కట్టెయ్యడం ఎవరికీ చేతకాదు. ఆ నీళ్ళన్నీ పునాదుల్లోకే పోతున్నాయి. నీళ్ళు లేక ఎడారి ఊళ్ళు ఖాళీ అవుతాయని విన్నాం గానీ, నీళ్ళెక్కువై కూలిపోవడం మన కళ్ళతోనే చూడాల్సి వచ్చింది. సందు మొదట్లో ఇల్లు పోయిన నెల పడిపోయింది. రెండు మేకలు దాని కింద పోయాయి. మనది కూడా విప్పి, రాయికి రాయి దింపి తిరిగి కట్టాలి, వేరే దారి లేదు.

దానికి నా దగ్గర స్తోమత లేదు. జోధ్‌పూర్ నుంచి ఒక సేఠ్ వచ్చాడు. పాత తలుపులు, కిటికీలు కొనే మనిషి. మన వీధివైపు కిటికీ, ఆ ఝరోఖా కింద నిలబడి పైకి చూస్తూ, "ఈ రెండు రాతి జాలీ పలకల్లో ఒక్కటియ్యి, నీ గోడ నేను లేపిస్తా" అన్నాడు. ఒకటి అమ్మితే ఇల్లు నిలబడుతుంది. రెండూ అబ్బా చేసినవే కాబట్టి ఒకటి పోయినా ఆయన చేయి మన ఇంటి మీద ఉండనే ఉంటుంది. నీకు చెప్పకుండా చేశానని రేపు నువ్వు అనకూడదని రాస్తున్నాను.

నీ తమ్ముడు,
హాసమ్

*

కరాచీ, సిలావట్ల వాడ,
అక్టోబరు 2, 1994

హాసమ్‌కు,

సాంగ్రీ గుప్పెడు చేరింది. జన్నత్ గెలిచిందని చెప్పు. మీ బావ మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

నువ్వు నాకు చెప్పడానికి రాశావా, అడగడానికి రాశావా? ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అడిగిన మాట ఒక్కటి కనబడలేదు. మగపిల్లాడివి, ఇల్లు నీదే, ఒప్పుకుంటాను. గోడ నీది, గడప నీది, పైకప్పు నీది. కానీ ఆ ఝరోఖాలో కుడివైపు జాలీ నాది.

నాది అంటే వాటా అడుగుతున్నాననుకుంటావు. అది కాదు. నేను చెక్కాను. అర్థమైందా? నేను, సఫూరా, నా చేతుల్తో, అబ్బా ఉలితో.

నీకప్పుడు ఆరేళ్ళు. ముక్కు కారుతూ రాతిపొడిలో ఒంటె బొమ్మలు గీసుకుంటూ తిరిగేవాడివి. అబ్బాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చే రోజులవి. ఊరందరి ఇళ్ళకీ కిటికీలు చేసిన మనిషి తన ఇంటికి చేసుకుందామని కూర్చునేసరికి ఊపిరి చాలలేదు. ఒక పలక ఎలాగో ముగించాడు. రెండోదానికి సుత్తి లేవలేదు. రాయి సగం గీసి వాకిట్లో పడి ఉంది. నేను ఉలి తీసుకున్నాను. ఆయన వద్దనలేదు. అమ్మ లేచి వెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టింది. ఆ రోజు నుంచి నేను రాయి కొట్టినంతసేపూ అమ్మ నా పక్కన కూర్చుని రోట్లో సజ్జలు దంచింది, సందులోవాళ్ళకు రోకలి చప్పుడే వినబడాలని. ఆ నెలల్లో మన ఇంట్లో దంచినంత పిండి ఊళ్ళో ఏ పెళ్ళికీ దంచి ఉండరు. పొరుగామె అడిగింది కూడా, "ఏం వదినా, ఇంత పిండి ఎవరికి? ఒంటెల్ని పెంచుతున్నారా?" అని.

పలక ఎక్కించాక ఉస్తాద్ పనేనని ఊరంతా అంది. అబ్బా అవునన్నాడు. నేనూ అవునన్నాను. మరుసటి నెల నాకు పెళ్ళి చేసి, సరిహద్దు దాటే మునాబావ్ రైలెక్కించారు. ఇక్కడికి వచ్చాక అత్తగారు నా పెట్టెలో ఉలి చూసి, "మా ఇంటి ఆడాళ్ళు రాయి కొట్టరమ్మా, రొట్టె కొడతారు" అని తీసి అటక మీద పడేసింది. ముప్ఫై ఆరేళ్ళుగా రొట్టెలు కొడుతున్నాను.

ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడగకు. ఇన్నాళ్ళూ అది గోడలో ఉంది, అమ్ముతాననే మొనగాడు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను విను. అమ్మక తప్పదంటే ఎడమది అమ్ముకో. అబ్బా చేతిపని జైసల్మేర్‌లో ఏ సందులోకి వెళ్ళినా తలెత్తితే కనబడుతుంది. నేను చేసింది ఈ లోకంలో అదొక్కటే. కుడివైపుది ముట్టుకున్నావంటే నాకు తమ్ముడు లేడనుకుంటాను.

సఫూరా

*

జైసల్మేర్,
నవంబరు 3, 1994

అక్కకు,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అబ్బా చనిపోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో ఇప్పటికీ "ఉస్తాద్ ఉమర్‌దీన్ కొడుకు" అంటేనే నాకు పని ఇస్తారు. ఆయన చేయని పనిని చేశానని చెప్పుకున్నాడంటున్నావు. పరాయివాళ్ళు ఎవరైనా ఆ మాట అని ఉంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి.

జన్నత్‌కు చదివి వినిపించాను. అది విని, "చూసి రండి ముందు, అరవడం తర్వాత" అంది. వెళ్ళాను. సందులో ఎదురింటి అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాను. ఆరేళ్ళప్పటి నుంచి ఆ కిటికీ కిందే తిరుగుతున్నా, అలా ఎప్పుడూ చూడలేదు.

నువ్వు చెప్పింది నిజమేననిపించింది. ఒప్పుకుంటున్నాను. కుడివైపుది అబ్బా పని కాదు. పువ్వుల రేకులు ఒకేలా లేవు. ఒకచోట నక్షత్రం కాలు బండగా ఉంది. కింది వరుస తొందర తొందరగా ముగించినట్టుంది. చిన్నప్పటి నుంచి నాకొక అనుమానం, ఇంత పెద్ద ఉస్తాద్ చేయి ఇక్కడ ఎందుకు వణికిందా అని. ఇప్పుడు అర్థమైంది. అయినా ఏమాటకామాటే చెప్పాలి, పదహారేళ్ళ ఆడపిల్ల, నేర్పినవాళ్ళు లేకుండా అంతమాత్రం చేసిందంటే అదే ఎక్కువ. నేను నిన్ను తప్పుపట్టడం లేదు.

ఎడమవైపుది వేరు. అది అబ్బాది. దాని ముందు నిలబడితే నాకు ఇప్పటికీ నోట మాట రాదు. వేలెడు మందం రాయిలో అంత సన్నటి కాడలు ఎలా నిలబెట్టాడో, గాలికి కదులుతాయేమోననిపిస్తుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా ఉలి పట్టుకుంటున్నాను. అలాంటిది ఒక్కటి చేయలేకపోయాను. సేఠ్ అడుగుతున్నదీ దాన్నే. "కుడిదైతే ఊరికే ఇచ్చినా వద్దు" అన్నాడు. అంటే నీ మాట కోసం నేను వదులుకుంటున్నది ఏమిటో చూసుకో. నీ చేతి గుర్తు ఉండాలని అబ్బా చేతిని పంపించేస్తున్నాను.

ఇంకో మాట. అబ్బా మీద, ఇంటి మీద ఇంత ప్రేమ ఉన్నదానివి అమ్మ పోయినప్పుడు రాలేదు. ఆఖరి రెండు రోజులూ ఆ కిటికీ దగ్గరే పడుకుని నీ పేరే పిలిచింది. రాయకూడదనుకున్నాను. రాశాను.

హాసమ్

*

కరాచీ,
డిసెంబరు 1, 1994

హాసమ్‌కు,

వణికింది నా చేయా?

ఒక్కో రేకును వేపపుల్లతో కొలిచి, పక్క రేకుతో సరిచూసి, మళ్ళీ కొలిచి చెక్కాను. తేడా వస్తే పక్క రేకును కూడా దానికి సరిపోయేలా దిద్దేదాన్ని. కింది వరుస తొందరగా ముగించానా? కింది వరుసకే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. నీకు కళ్ళైనా పోయి ఉండాలి, లేదా ఆడదాని పని అని తెలియగానే వంకరలు కనబడడం మొదలై ఉండాలి. మొన్నటిదాకా అది ఉస్తాద్ పని. నా పేరు చెప్పిన వెంటనే రేకులు వంకరపోయాయి, నక్షత్రానికి కాలు బండబారింది. "అంతమాత్రం చేసిందంటే అదే ఎక్కువ" అట. నువ్వెవడివిరా నాకు దయ చూపించడానికి?

పూర్తయిన రోజు అబ్బాను చేయి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను. ఆయన కూర్చుని వేలితో అంతా తడిమాడు. ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. చేయి తీసి అన్నాడు: "ఇది నేను చేశానని చెప్పుకుంటే నాకు సిగ్గు తల్లీ. చెప్పుకోకపోతే నీకు పెళ్ళి కాదు." ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. నీలాంటివాడికి చెప్పాల్సి వచ్చింది.

అమ్మ సంగతి ఎత్తావు కాబట్టి అది కూడా విను. తంతి అందిన రోజే వీసా కోసం బయలుదేరాను. వీసా ఆఫీసు ముందు ఎన్ని రోజులు నిలబడాలో నీకు తెలుసా? అక్కడ కిటికీ వెనక కూర్చున్నవాడు, "చనిపోయిందని రుజువు తెండి" అన్నాడు. "ఇంకా చావలేదు, చావుబతుకుల్లో ఉంది" అంటే, "అయితే తొందరేముంది" అన్నాడు. వీసా చేతికొచ్చేసరికి అమ్మకు నలభై రోజుల ఫాతిహా కూడా అయిపోయింది. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు, అయిదేళ్ళు గడిచాయి. రెండు దేశాలు కలిసి నాకు అమ్మను చూపించలేదు. అందులో నా తప్పేంటో వెతికిపెట్టు, ఒప్పుకుంటాను.

అమ్ముకో. ఎడమదే అమ్ముకో. నోట మాట రాని పలకను మీ సేఠ్‌కు ఇచ్చుకో. నా వంకరది నాకు ఉంచు. దాని గురించి ఇక నాకు రాయకు.

సఫూరా

*

జైసల్మేర్,
జనవరి 20, 1995

అక్కకు సలాములు.

రాయవద్దన్నావు. పని పూర్తయిందని చెప్పకపోతే అదొక తప్పవుతుందని రాస్తున్నాను. వీసా సంగతి నాకు తెలియదు. అడగవలసింది.

గోడ విప్పించి మళ్ళీ కట్టాం. సిమెంటు తగలనివ్వలేదు. ఎక్కడి రాయి అక్కడే కూర్చుంది. పడిపోయే వాటిని చూసీ చూసీ, ఒకటి నిలబడితే నాకే ఆశ్చర్యంగా ఉంది. జన్నత్ కొత్త గోడకు దిష్టి తగలకుండా నిమ్మకాయలు కట్టింది. నీ కుడివైపు జాలీ మళ్ళీ దాని చోట్లోనే ఉంది. ఎడమ పక్కన ప్రస్తుతానికి ఒక చెక్క అడ్డం పెట్టాను.

అబ్బా పలకను సేఠ్ మనుషుల్ని ముట్టుకోనివ్వకుండా నేనే దింపాను. గోనెల్లో చుట్టి లారీ ఎక్కించేటప్పుడు పక్కకు తిరిగి నిలబడ్డాను. సేఠ్ దాన్ని టీ నీళ్ళతోనూ, ఇంకేదో మందుతోనూ కడుగుతాడట. "రెండొందల ఏళ్ళనాటిదంటే కొనేవాడికీ తృప్తి, అమ్మేవాడికీ తృప్తి. నీ బాబు పేరు చెబితే ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు. ఆ మాటకు ఏదో ఒకటి అనాల్సింది. గోడ సగం లేచి ఉంది, నోరు మూసుకున్నాను.

ఒక తమాషా చూశాను. పలక అంచు గాడిలోకి దిగి కనబడకుండా పోయే చోట మనవాళ్ళు పనిగుర్తు పెట్టుకుంటారు కదా. అబ్బా గుర్తు మూడు గీతలు, ఒక చుక్క. అది నీ కుడివైపు పలక అంచున ఉంది. నీ పనికి తన గుర్తు పెట్టి కాపాడాడన్నమాట, మనసులో ఎంత ప్రేమ లేకపోతే అలా చేస్తాడు! ఎడమవైపు దాని మీద మాత్రం ఆయన గుర్తు లేదు. దాని బదులు సగం చుట్టు ఒకటి ఉంది, గాజు ముక్క ఆనించి చుట్టూ గీసినట్టు. ఏదో సరదాకు గీసి ఉంటాడు.

నీ కోపం తగ్గితే నాలుగు ముక్కలు రాయి.

హాసమ్

*

కరాచీ,
ఫిబ్రవరి 16, 1995

హాసమ్,

నువ్వు ఆ కిటికీని ఎక్కడ కూర్చుని చూశావు? సందులో. ఎదురింటి అరుగు మీద. మగవాళ్ళందరూ చూసే చోటి నుంచి.

నేను ఎక్కడి నుంచి చూశాను? లోపలి నుంచి. అమ్మ పక్కన, ఆడవాళ్ళు కూర్చునే చోటి నుంచి. పలకలు ఎక్కించాక ఆ ఇంట్లో నేనున్నది ఒక్క నెల. ఆ నెలంతా గడప దాటనివ్వలేదు. దాటిన రోజు మొహం మీద ముసుగుంది. నేను చేసిన పలక వీధి వైపు నుంచి ఎలా ఉంటుందో నాకు ఈ రోజుకీ తెలియదు. నా కుడి చేతి పక్కన ఉండేది. కుడివైపుది అన్నాను.

నా కుడి నీకు ఎడమ. నువ్వు లారీ ఎక్కించింది నాది.

ఆ సగం చుట్టు సరదాకు గీసింది కాదు. అది నా గాజు. పని అయ్యాక పగిలిన గాజు ముక్కను అంచుకు ఆనించి, ఉలి మొనతో చుట్టూ గీశాను. ఎవరికీ కనబడదు కదా అని గీశాను.

నా చేత్తోనే రాసి నా పలకను అమ్మించాను. "ఎడమదే అమ్ముకో" అని రెండు ఉత్తరాల్లో రాశాను. నీ మీద అరవాలంటే ఆ ఉత్తరాలు అడ్డం వస్తున్నాయి. అయినా అరుస్తాను. ముప్ఫై ఏళ్ళ పనివాడివి. అంచు మీద అబ్బా గుర్తు కళ్ళముందు కనబడుతుంటే, ఇది అబ్బాదేమోనని ఒక్క క్షణం అనుమానం రాలేదా? ఎలా వస్తుంది? బాగున్నది అబ్బాది, బాగోలేనిది అక్కది. నీ మనసులో ముందే గీసి పెట్టుకున్నావు. రాయి ఎదురుగా నిలబడి చెప్పినా వినలేదు.

వంకరగా ఉందని నువ్వు తీసిపారేసింది అబ్బా ఆఖరి పని. ఒక్కో దెబ్బకీ ఆగి, గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకుని చేశాడు. వెళ్ళి దాని మీద చేయి పెట్టి తప్పు ఒప్పుకో. ఆ బండ కాలు దగ్గర మరీ ఒప్పుకో.

నా పలక ముందు నోట మాట రాదన్నావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

వెళ్ళి తీసుకురా.

సఫూరా

*

జోధ్‌పూర్,
జూన్ 11, 1995

అక్కా,

ఇన్నాళ్ళు ఉత్తరం రాయడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు రాయక తప్పని పరిస్థితి. కంగారుపడకు, బయటే ఉన్నాను. జామీను మీద.

నీ ఉత్తరం అందిన రోజే జోధ్‌పూర్ బస్సెక్కాను. సేఠ్ పలకను అప్పటికే అమ్మేశాడు. ఈ ఊరి బయట ఒక పాత గడీని హోటల్‌గా మార్చారు, వాళ్ళు కొన్నారు. "తిరిగి ఇమ్మని వాళ్ళను అడుగుతారా?" అంటే సేఠ్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. హోటల్‌కు వెళ్ళాను. గేటు దగ్గరే ఆపేశారు. నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ ఆపేశారు. చివరికి వాళ్ళే పిలిచారు. ఎవడో బల్ల జరుపుతూ పలక మూలను కొట్టాడట, ముక్క ఊడింది. అతికించడానికి జైసల్మేర్ రాతిపని సిలావట్ కావాలన్నారట. పనిముట్ల సంచితో వెళితే కాపలావాడు సలాం కొట్టి తలుపు తీశాడు.

దాన్ని భోజనాల గదిలో నిలబెట్టి వెనక దీపం పెట్టారు. నీడ నేల మీద పరుచుకుని ఉంది. అక్కా, పుట్టిన తర్వాత మొదటిసారి దాన్ని లోపలివైపు నుంచి, ఆగి చూశాను. నువ్వూ అమ్మా రోజూ చూసింది ఇదా అనుకున్నాను. కూర్చుని ఏడ్చాను. వంటవాళ్ళు నవ్వుకున్నారు.

ముక్క అతికిస్తున్నాను. మేనేజరు ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "చూడండి, రెండొందల ఏళ్ళనాటి పని. అలాంటి చేతులు ఇప్పుడెక్కడున్నాయి చెప్పండి!" అన్నాడు.

"కరాచీలో ఉన్నాయండీ. రొట్టెలు కొడుతున్నాయి" అన్నాను.

"ఏంటయ్యా?"

"ఇది మా అక్క చేసిందండీ. ముప్ఫై ఏడేళ్ళ కిందట. టీ నీళ్ళతో కడిగి మీకు అంటగట్టారు."

పెద్దమనుషులు నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "పని చూసుకోవయ్యా, కథలొద్దు" అని వాళ్ళను భోజనానికి తీసుకెళ్ళాడు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళ మీదా, సేఠ్ మీదా, అన్నిటికంటే నా మీదా. వాళ్ళు తినేలోపు పలక కింది పట్టీ మీద, అందరికీ కనబడేలా, పెద్ద అక్షరాలతో చెక్కాను: "హాసమ్ అక్క చేసింది."

నీ పేరు చెక్కడానికి చేయి రాలేదు. తాగేవాళ్ళు, తిరిగేవాళ్ళు వచ్చే చోట ఇంటి ఆడబిడ్డ పేరు నలుగురి నోళ్ళలో పడేలా ఎలా చెక్కను? అబ్బా ఉన్నా అలాగే చేసేవాడు.

పోలీసులొచ్చారు. పురాతన వస్తువును పాడుచేశానని కేసు పెట్టారు. "రెండొందల ఏళ్ళ దాని మీద పిచ్చి రాతలు రాస్తావా?" అన్నాడు స్టేషన్‌లో పెద్దాయన. ముప్ఫై ఏడేళ్ళదన్నాను. "ఎవరు చేశారు?" అన్నాడు. చెప్పాను. "ఆడదా!" అన్నాడు. స్టేషన్‌ మొత్తం నవ్వింది.

వకీలు చెప్పేది ఇదీ. అది పాతదైతే నేను జైలుకు పోతాను. నువ్వు చేసిందే అయితే సేఠ్ పోతాడు, హోటల్ పరువు కూడా పోతుంది. అంచు మీది గాజు గుర్తు సంగతి కోర్టులో చెప్పాడు. అవతలి వకీలు లేచి, "గాజు గీత ఎవరైనా గీయొచ్చు. ఒక ఆడమనిషి ఇంత పని చేసిందనడానికి సాక్ష్యమేది?" అన్నాడు. చేసినామెనే పిలిపిస్తామని మావాడన్నాడు. జడ్జి సరేనన్నాడు. సమను ఇందులో పెట్టాను. కోర్టు కాగితం చూపిస్తే వీసా ఇవ్వక తప్పదంటున్నారు. రాగలవా? వస్తావా? రెండూ అడుగుతున్నాను. ఈసారి అడుగుతున్నాను.

హాసమ్

*

కరాచీ,
జూలై 9, 1995

హాసమ్‌కు,

సమను అందింది. అమ్మ చావుకు రెండు దేశాలు ఇవ్వని దారి నీ దొంగ సేఠ్ పుణ్యమా అని దొరికేలా ఉంది. వీసా కిటికీ దగ్గర మొన్న ఇలా జరిగింది.

"ఎందుకు వెళ్తున్నారమ్మా?"

"సాక్ష్యం చెప్పడానికి."

"దేనికి?"

"నా పనికి."

"ఏం పని?"

"రాతి పని."

వాడు నా చేతుల వైపు చూశాడు. నేను చేతులు వాడి బల్ల మీద పెట్టాను, బాగా చూసుకోమని. వచ్చే నెల రమ్మన్నాడు.

మీ వకీలుకు చెప్పు. మాటలతో సాక్ష్యం నాకు చేతకాదు. జడ్జిగారి ముందు నాకొక మన పసుపుపచ్చ రాయి పలక, కూర్చోవడానికి గోనెసంచి ఇప్పించమను. ఎంతమంది వకీళ్ళు నవ్వుతారో నవ్వనీ. అటక మీద నుంచి ఉలి దింపించాను. తుప్పు పట్టింది, సానపట్టించాను. ఇక్కడ దొరికే రాయి మెత్తన, మన రాయిలా పలకదు, అయినా రోజూ కూర్చుంటున్నాను. మొదట్లో చేయి మాట వినలేదు. రేకు చెక్కబోతే పెంకు లేచింది. కూర్చుని ఏడ్చి, మళ్ళీ కొట్టాను. నిన్నటి రేకు ఫరవాలేదు. "ఈ వయసులో ఉలేమిటే?" అన్నారు మీ బావ. "మోకాళ్ళ నొప్పులన్నారుగా, కదలకుండా కూర్చుని చూడండి" అన్నాను. చూస్తున్నారు. మా ఇంట్లో ఇప్పుడు రోట్లో ఎవరూ ఏమీ దంచడం లేదు. వీధి తలుపు తెరిచే ఉంది.

నువ్వు జైలుకు పోవడానికి సిద్ధపడ్డావు. అది నాకు తెలుసు. ఉత్తరం చదివి నీకోసం ఏడ్చాను, అది కూడా నిజమే. ఇప్పుడు తిట్టబోయేది విను.

"హాసమ్ అక్క" అట! నాకు పేరు లేదా? మొదట్లో అది ఉమర్‌దీన్ పని. ఆ తర్వాత రెండొందల ఏళ్ళ కిందటి ఎవడి పనో. ఇప్పుడు హాసమ్ అక్క పని. అన్ని అవమానాలు పడి, స్టేషన్‌లో కూర్చుని, నువ్వు రాతి మీద పెట్టింది నీ పేరే కదరా! తాగేవాళ్ళ నోట్లో నా పేరు పడితే నాకేమీ అరిగిపోదు. వాళ్ళు ఆ పలక ముందు కూర్చుని రోజూ తింటున్నారు. ఎవరి చేతి నీడలో తింటున్నారో తెలుసుకుని తిననీ.

అబ్బా ఉన్నా అలాగే చేసేవాడన్నావు. చేసేవాడే. అందుకే ఆయన మీద కూడా కోపంగా ఉంది. ఇన్నేళ్ళకు ఈ మాట రాయగలిగాను. ఆయన పలక మీద చేయి పెట్టినప్పుడు ఇది కూడా చెప్పు.

నువ్వు చెక్కిన అక్షరాల పక్కన చోటు మిగిలిందా? మిగలకపోతే, కేసు తేలాక వాటిని నున్నగా చెరిపెయ్యి. ఇంకేమీ ముట్టుకోకు. నా పేరు నేను వచ్చి చెక్కుకుంటాను.

సఫూరా